పాలుకిచ్చే చేతులకు అర్హత లేదా?
సెబీకి బహిరంగ లేఖ

సెక్యూరిటీస్ అండ్ ఎక్స్చేంజ్ బోర్డ్ ఆఫ్ ఇండియా అధ్యక్షులకు, బోర్డు సభ్యులకు,
ముంబై.

గౌరవనీయులారా,

నల్లగొండ జిల్లా దేవరకొండ నుంచి ఒక రిటైర్డ్ టీచరు రాస్తున్న ఉత్తరం ఇది. నా పుట్టిల్లు ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా కల్వకుర్తి వైపు. మీ కార్యాలయం ఉన్న ముంబై మా వాళ్లకు కొత్త ఊరేమీ కాదు. మక్తల్ నుంచి, నారాయణపేట నుంచి బొంబాయి బస్సెక్కి, అక్కడ మట్టి తవ్వి, తట్టలు మోసి, అంతస్తు మీద అంతస్తు లేపి వచ్చినవాళ్లు మా ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆ నగరంలో కూర్చుని 2025 సెప్టెంబరులో మీరు అమల్లోకి తెచ్చిన నిర్ణయం ఒకటి నా వాకిటిదాకా వచ్చింది. దాన్ని నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఎందుకు ఒప్పుకోలేనో మీకూ, నలుగురికీ తెలియాలని బహిరంగంగా రాస్తున్నాను.

కొత్త కంపెనీలకు తొలి పెట్టుబడి అందించే ఏంజెల్ ఫండ్లలో ఇకమీదట ‘అక్రెడిటెడ్ ఇన్వెస్టర్లు’ మాత్రమే డబ్బు పెట్టాలన్నారు. ఆ పేరు దక్కాలంటే మనిషికి ఏడాదికి 2 కోట్ల రూపాయల ఆదాయం ఉండాలి. లేదంటే ఉంటున్న ఇల్లు కాక ఏడున్నర కోట్ల ఆస్తి ఉండాలి, అందులో సగం షేర్లు, డిపాజిట్ల వంటి ఆర్థిక రూపంలో ఉండాలి. అదీ కాకపోతే కోటి ఆదాయంతో పాటు 5 కోట్ల ఆస్తి, అందులోనూ సగం ఆర్థిక రూపంలో. మూడు గడపలు పెట్టారు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో తన సొంత పేరు మీద వీటిలో ఒక్క గడపైనా దాటగల ఆడమనిషిని మీరు చూపించగలరా?

నా సంగతి చెబుతాను. నా దగ్గర ఎనిమిదో తరగతిలో లెక్కలు నేర్చుకున్న ఒక అమ్మాయి ఇంజినీరింగ్ చదివి ఊరికి తిరిగొచ్చింది. బత్తాయి రసం తీసి నిల్వచేసే చిన్న యూనిట్ పెట్టింది. కంపెనీ రిజిస్టరు చేయించింది, స్టార్టప్‌గా గుర్తింపు తెచ్చుకుంది. నాకూ మూడెకరాల బత్తాయి తోట ఉంది. ధర పడిపోయిన ఏడు కోత కూలి కూడా రాదని కాయను చెట్టు కిందే వదిలేసిన రైతులలో నేనూ ఒకదాన్ని. లారీ ఢిల్లీకో కోల్‌కతాకో పోయేలోగా ఎంత తరుగు తీస్తారో, ఏ నెలలో కాయకు రసం పడుతుందో నాకు తెలుసు. ఆ అమ్మాయి చేస్తున్న పని నిలబడుతుందని నా అనుభవం చెప్పింది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత ఇలాంటి కంపెనీలు నాలుగైదింటిలో ఒక ఫండ్ ద్వారా పెడదామనుకుని హైదరాబాద్‌లో ఒకరిని కలిశాను. వాళ్లు నా తోట గురించి అడగలేదు, ఆ అమ్మాయి కంపెనీ గురించీ అడగలేదు. మొదటి ప్రశ్నే, “మీ వారి ఆదాయం ఎంత మేడం?”

మా ఆయన పోయి ఆరేళ్లయింది.

ఆ ప్రశ్న అడిగిన మనిషిని నేను తప్పుపట్టను. అది మీ నిబంధనలో నుంచి పుట్టిన ప్రశ్న. భార్యాభర్తలు కలిసి దరఖాస్తు పెట్టుకుంటే ఇద్దరి ఆదాయం, ఆస్తి కలిపి లెక్కిస్తామన్నారు కదా! మరి భర్త పోయిన ఆడదానికి, విడిపోయినదానికి, అసలు పెళ్లే వద్దనుకున్నదానికి ఆ వెసులుబాటు ఎక్కడిది? మొగుడి చేయి పట్టుకుని వస్తేనే తలుపు తెరుచుకునేటట్టయితే ఆ తలుపు మీద ‘ఇన్వెస్టరు’ అని రాయడం ఎందుకు?

మీ నిబంధనలో ఆడ, మగ అన్న మాట ఎక్కడా లేదని మీరనవచ్చు. నిజమే. కానీ ఆస్తి ఎవరి పేరు మీద ఉందో చూసి అర్హత ఇస్తామన్నప్పుడు, ఆస్తి ఎవరి పేరు మీద ఎందుకు ఉందో కూడా మీరు చూడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లకు పిత్రార్జితంలో సమాన వాటా ఇచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. నా పెళ్లి 1983లో అయింది. దేశమంతటికీ 2005లో చట్టం వచ్చేనాటికి మా అన్నదమ్ముల పంపకాలు ఎప్పుడో ముగిశాయి. చట్టం ఉన్న కాలంలో పెళ్లయిన నా చెల్లెళ్ల వయసు వాళ్లు కూడా పసుపు కుంకుమల కింద ఇచ్చింది పుచ్చుకుని, పుట్టింటి గడప తమకు మూసుకుపోకూడదని సంతకాలు పెట్టేశారు. మిగిలిన కొద్దిమందికి ఆస్తి అంటూ ఉంటే అది భూమి. మీ రెండో గడప, మూడో గడప దగ్గర భూమి ఎంత ఉన్నా చాలదు, సగం ఆర్థిక రూపంలోనే ఉండాలి. ఇన్ని తరాల అన్యాయాన్ని ఆస్తి కాగితాల్లోనే ఉంచి, ఆ కాగితాలతోనే మా తెలివిని తూచడం న్యాయమా?

ఇదివరకటి నిబంధన కూడా తేలికైనదేం కాదు. ఇల్లు కాక 2 కోట్ల ఆస్తి ఉండాలనేవారు. అయితే దానితో పాటు మనిషి అనుభవాన్ని కూడా అడిగేవారు. కొత్త కంపెనీల్లో పెట్టిన అనుభవమో, సొంతంగా కంపెనీలు నడిపిన అనుభవమో, పదేళ్లు పెద్ద బాధ్యతలో పనిచేసిన అనుభవమో ఉండాలనేవారు. ఇప్పుడు అనుభవం మాట పోయింది, డబ్బు లెక్క నాలుగింతలకు దగ్గరైంది. మంచి చేయలేదని కూడా అనను. ఒక కంపెనీలో ఫండ్ పెట్టాల్సిన కనీస మొత్తాన్ని 25 లక్షల నుంచి 10 లక్షలకు దించారు. చిన్న ఊళ్ల చిన్న కంపెనీలకు అది మేలు చేసే మార్పే. కొత్త కంపెనీలు తెచ్చుకునే పెట్టుబడి మీద పడి 2012 నుంచి వేధించిన ఏంజెల్ పన్నును 2024 జూలై బడ్జెట్‌లో కేంద్రం తీసేసినప్పుడు కూడా సంతోషించాం. దారి ఊడ్చారు, నీళ్లు చల్లారు. మేము నడవబోయే వేళకు గేటు వేశారు.

మీరు చెప్పే కారణం నాకు తెలుసు. కొత్త కంపెనీల్లో ఎక్కువ భాగం మునిగిపోతాయి, చిన్నవాళ్లు నష్టపోకుండా కాపాడటం మా బాధ్యత అంటారు. ఆ బాధ్యతను తేలిగ్గా తీసుకోమని నేను అడగను. అగ్రిగోల్డ్ లాంటి సంస్థలకు డిపాజిట్లు కట్టి లక్షల కుటుంబాలు ఏడ్చిన రాష్ట్రాల నుంచి మాట్లాడుతున్నాను. కానీ మీ సంస్థే 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం బయటపెట్టింది. స్టాక్ మార్కెట్‌లో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ ఆడిన కోటి మందికి పైగా మామూలు మనుషుల్లో నూటికి 93 మంది మూడేళ్లలో నష్టపోయారని, ఆ నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని మీరే లెక్క చెప్పారు. ఆ ఆటకు ఏడున్నర కోట్ల ఆస్తి అడిగారా? డిగ్రీ చదివే కుర్రాడు తల్లి గాజులు తాకట్టుపెట్టి ఫోన్లో రాత్రికి రాత్రి పోగొట్టుకోవచ్చు. అరవై దాటిన టీచరు తన ఊళ్లో, తన కళ్లెదుట నడిచే కంపెనీలో ఫండ్ ద్వారా వాటా కొనకూడదా? ఈ రెండింటిలో ప్రమాదం ఎక్కడుందో మీ లెక్కలే చెబుతున్నాయి.

ఫండ్ వద్దు, నేరుగా షేర్లు కొనుక్కోండి, ఎవరు వద్దన్నారు అని కొందరు నాకు సలహా ఇచ్చారు. కొనుక్కోవచ్చు, చట్టం కాదనదు. కానీ ఆలోచించండి. ఫండ్‌లో కంపెనీ లెక్కలు చూసే మనిషి ఉంటాడు, ఒప్పందం రాసే వకీలు ఉంటాడు, డబ్బు నాలుగైదు చోట్ల పెట్టే వీలుంటుంది, పైన మీ పర్యవేక్షణ ఉంటుంది. నేరుగా పెడితే ఇవేవీ ఉండవు. అంటే పదిమంది తోడున్న బాట కోటీశ్వరులకు, ఒంటరి బాట మాకు అన్నట్టేగా? కాపాడాలనుకున్నవాళ్లనే కాపుదల లేని చోటికి పంపడం ఏ రకం రక్షణ?

ఆడవాళ్లకు పెట్టుబడి సంగతులు తెలియవన్న మాట మీరు పైకి అనలేదు. కానీ మీ నిర్ణయంతో ఫలితం అదే అవుతోంది. కాబట్టి మాకు తెలిసిన పెట్టుబడి ఏమిటో చెప్పనివ్వండి.

మా వైపు మేకను ‘పాలుకిచ్చుడు’, అంటే వాటాకు ఇవ్వడం, అని ఒక పద్ధతి ఉంది. నా చిన్నప్పుడు మా అమ్మమ్మ ఒక ఆడమేకను కొని, పక్కవాడలో ఆసరా లేని ఒకామెకు పాలుకిచ్చేది. మేపుడు, సాకుడు ఆమె పని. పిల్లలు పుడితే చెరి సగం. మేక చస్తే ఇద్దరికీ నష్టమే, తిరిగి కట్టమని అడిగే మాట లేదు. అప్పే ఇచ్చి వడ్డీ తీసుకోవచ్చు కదా అని నేనొకసారి అడిగితే, “అప్పిచ్చినోళ్లు గడువు దిక్కు చూస్తరు బిడ్డా, పాలుకిచ్చినోళ్లు మేక దిక్కు చూస్తరు” అంది. మీరు ఈక్విటీ అని పిలిచేది ఇదే. లాభంలో వాటా, నష్టంలో వాటా, మధ్యలో మేక ఎట్లా ఉందో చూసి వచ్చే బాధ్యత. మా అమ్మమ్మకు సంతకం రాదు. కానీ ఎవరికి ఇస్తే మేక బతుకుతుందో ఆమె అంచనా ఎప్పుడోగాని తప్పలేదు. మీ మూడు గడపల్లో ఆమె ఏ గడప దాటేది?

ఆ తర్వాతి తరం సంగతీ వినండి. 1990లలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో పేదరిక నిర్మూలన కోసం ఉమ్మడి రాష్ట్రంలో ఎంచుకున్న మూడు జిల్లాల్లో పాలమూరు ఒకటి. 2000లో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లోనూ ఉంది. ఆ పథకాల్లో పొదుపు సంఘాలు కట్టుకుని, రూపాయి రూపాయి దాచుకుని, ఇంటింటి అవసరాన్ని సంఘంలో కూర్చుని తూచి, ఎవరికి ముందు ఇవ్వాలో, ఎవరికి ఆపాలో తేల్చుకున్న ఆడవాళ్లు మా వాళ్లు. 2011లో ఆ సంఘాల మండల సమాఖ్యలు, ప్రభుత్వం కలిసి పెట్టుకున్న స్త్రీనిధి పరపతి సంస్థలో వాళ్ల వాటా ధనం ఉంది. నారాయణపేటలో 2025 ఫిబ్రవరిలో మొదలైన పెట్రోలు బంకు మహిళా సమాఖ్యదే. ఇంధనం లెక్క, జీతాల లెక్క, బ్యాంకు లెక్క వాళ్లే చూసుకుంటున్నారు. అలాంటి సమాఖ్య ఒక కొత్త కంపెనీలో ఫండ్ ద్వారా వాటా తీసుకోవాలనుకుంటే ఏమవుతుంది? సంస్థలకు మీరు పెట్టిన గడప 50 కోట్ల నికర ఆస్తి. ఏ మండల సమాఖ్యకు ఉంటుంది అంత?

ఇన్నాళ్లూ ఆడవాళ్లకు అందరూ ఇచ్చింది అప్పు. బ్యాంకులు అప్పిచ్చాయి, ప్రభుత్వాలు వడ్డీ లేని అప్పిచ్చాయి, సూక్ష్మరుణ సంస్థలు వారం వారం వసూలు చేసే అప్పిచ్చాయి. 2010 నాటికి ఆ వసూళ్లు ప్రాణాల మీదికి తెచ్చి, అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం వాటికి పగ్గాలు వేసే ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అప్పుతో కిరాణా కొట్టు పెట్టుకోవచ్చు, కుట్టుమిషను కొనుక్కోవచ్చు. మూడేళ్లదాకా రాబడి రాని ప్రయోగాన్ని అప్పుతో నడపలేరు, మొదటి నెల నుంచే కిస్తీ కట్టాలి గనుక. కొత్తది కనిపెట్టేవాళ్లకు కావాల్సింది పాలు. ఆ పాలు ఇవ్వగలిగే ఆడవాళ్లు, ఊళ్ల పని తెలిసినవాళ్లు ఇప్పుడిప్పుడే తయారవుతున్నారు. టీచర్లు, నర్సులు, డాక్టర్లు, రైస్ మిల్లు నడిపేవాళ్లు, అమెరికాలో ఉద్యోగం చేసే మా ఆడపిల్లలు. వీళ్లను లోపలికి పిలవాల్సిన సమయంలో బయట నిలబెట్టారు.

పని తెలిసినవాళ్లు అని ఎందుకంటున్నానో ఒక ఉదాహరణ చెబుతాను. మా పాత నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే నేతన్న ఉన్నారు. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ పోసే పనిని ఆసు అంటారు. ఒక్క చీరకు చేయి వేలసార్లు ఆడాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆయన యంత్రం కనిపెట్టడానికి కూర్చున్నారు. 1992లో మొదలైన పని 1999లో తేలింది. ఏడేళ్లు. మధ్యలో డబ్బుల్లేక పని ఆగింది, హైదరాబాద్ పోయి పనిచేసుకుంటూ కూడబెట్టి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. లక్ష్మీ ఆసు యంత్రం పేరు దేశమంతా తెలిశాక 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడేళ్లలో ఆ యంత్రం విలువ ఎవరికి తెలుసు? ఏడున్నర కోట్లున్నవాళ్లకా? ఆసు పోసి పోసి చేయి పైకి లేవని ఆడవాళ్లకా? ఆ ఆడవాళ్ల చేతిలో నాలుగు రూపాయలుండి, కలిసి పెట్టే దారి ఒకటుంటే, ఏడేళ్లు రెండేళ్లయ్యేవేమో! ఎన్ని యంత్రాలు ఎన్ని ఊళ్లలో ఆ దారి లేక మధ్యలోనే తుప్పుపట్టాయో ఎవరు లెక్క కట్టారు?

నా శిష్యురాలు పెట్టుబడి కోసం నగరంలో ఒక సమావేశానికి వెళితే, బల్ల అవతల అందరూ మగవాళ్లే. పెళ్లయితే కంపెనీ ఏమవుతుంది అని అడిగారట. నేనైతే అడిగే ప్రశ్నలు వేరు. తొక్కను ఏం చేస్తున్నవ్ బిడ్డా? కరెంటు పోతే రసం ఎంతసేపు నిలుస్తుంది? కాయ ధర పెరిగిన ఏడు నీకు మిగిలేదెంత? ఇవి కూడా నొప్పి పుట్టించే ప్రశ్నలే. కానీ కంపెనీ బాగుపడే ప్రశ్నలు. బల్ల అవతల ఆడవాళ్లు కూర్చోవాలనడం దయ కోసం కాదు. అడగాల్సిన ప్రశ్నలు అడిగేవాళ్లు అక్కడ లేకపోతే డబ్బు తప్పు చోటికి పోతుంది. ఆ నష్టం దేశానిది.

ఇది మన ఒక్క దేశపు ఆడవాళ్ల గోడేమీ కాదు. బ్రిటన్‌లో 2024 జనవరి 31న ఇలాగే గడప ఎత్తు పెంచారు. లక్ష పౌండ్ల ఆదాయం ఉండాలన్నది 1.7 లక్షలకు, రెండున్నర లక్షల ఆస్తి అన్నది 4.3 లక్షలకు చేర్చారు. దీంతో ఎక్కువగా మేమే బయటపడతాం, లండన్‌కు దూరంగా ఉన్నవాళ్లం ఇంకా ఎక్కువగా బయటపడతాం అని అక్కడి మహిళా ఇన్వెస్టర్లు గొంతెత్తారు. ఆ ప్రభుత్వం విన్నది. మార్చి 27 నుంచి పాత పరిమితులే తిరిగి అమల్లోకి వచ్చాయి. రెండు నెలలు కూడా పట్టలేదు. అమెరికా 2020 ఆగస్టులో, డబ్బు లేకపోయినా నిర్ణీత వృత్తి పరీక్షలు పాసై లైసెన్సు ఉన్నవాళ్లను కూడా అక్రెడిటెడ్ ఇన్వెస్టర్లుగా ఒప్పుకుంది. వాళ్లకు సాధ్యమైంది మీకు కాదా?

మీ చట్టం 1992 నాటిది. ఇన్వెస్టర్ల ప్రయోజనాలు కాపాడటం, మార్కెట్‌ను పెంపొందించడం అని రెండు బాధ్యతలూ అందులో పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి చేయడానికి రెండోది వదిలేయమని అందులో లేదు. అందుకే నాలుగు కోరికలు మీ ముందు పెడుతున్నాను.

మొదటిది, తెలివికి పరీక్ష పెట్టండి. మీ ఆధ్వర్యంలోనే జాతీయ సెక్యూరిటీస్ మార్కెట్ల సంస్థ ఉంది. అది పెట్టే పరీక్ష తెలుగులోనూ రాసుకునే వీలు కల్పించి, పాసైనవాళ్లకు ఏంజెల్ ఫండ్లలోకి అర్హత ఇవ్వండి. నలభై ఏళ్లు పిల్లలకు పరీక్షలు పెట్టినదాన్ని, నేను రాయడానికి సిద్ధం.

రెండోది, అలా వచ్చినవాళ్లు తమ మొత్తం ఆస్తిలో పదో వంతుకు మించి పెట్టకూడదని హద్దు గీయండి. ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసే హద్దును మేము కాదనం.

మూడోది, రిజిస్టరైన మహిళా సమాఖ్యలకు 50 కోట్ల గడప తీసి, వాళ్ల ఆడిట్ లెక్కలు, తిరిగి చెల్లింపుల చరిత్ర చూసి అర్హత ఇవ్వండి.

నాలుగోది, ఇప్పటిదాకా మీ దగ్గర అక్రెడిటెడ్ ఇన్వెస్టర్లుగా నమోదైనవాళ్లలో మహిళలు ఎందరో, వాళ్లు ఏ జిల్లాల వాళ్లో ఏటా ప్రకటించండి. లెక్క బయటకు రానంతవరకు లోపం ఎవరికీ కనిపించదు.

2017 నవంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ముందు మహిళ అన్నదే దాని నినాదం. మరుసటి మార్చి 8న మహిళా పారిశ్రామికవేత్తల కోసం రాష్ట్ర ప్రభుత్వం వి హబ్ తెరిచింది. కంపెనీ పెట్టే ఆడవాళ్లకు తలుపు తెరిచిన దేశం, వాళ్లకు పెట్టుబడి పెట్టే ఆడవాళ్లకు తలుపు మూయడం ఏం న్యాయం? ఒక చేత్తో విత్తనం చల్లి, రెండో చేత్తో నీటి కాలువ కట్టేస్తే పంట ఎట్లా చేతికొస్తుంది?

నా నిర్ణయం నేను తీసుకున్నాను. ఫండ్ దారి లేదన్నారు కాబట్టి, ఆ అమ్మాయి కంపెనీలో నా పేరు మీద నేరుగా షేర్లు కొంటున్నాను. వకీలు లేడు, తోడు లేదు, నాలుగు చోట్ల పెట్టే వీలూ లేదు. ఉన్నది ఒకే మేక. అది బతకవచ్చు, చావవచ్చు. ఏది జరిగినా తట్టుకునేంత మటుకే పెడుతున్నాను. ప్రతి శనివారం యూనిట్‌కు పోయి మేక దిక్కు చూసి వస్తాను. ఇది నాకు భారం కాదు. కానీ నా వెనక రావాల్సిన ఆడవాళ్లందరూ ఇలా ఒంటరిగా రావాలనుకోను. వాళ్లకు తోడుగా, కాపుదలగా ఉండాల్సిన సంస్థ మీదే. ఆ గడప కొంచెం దించండి. మిగతా నడక వాళ్లు నడుస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.